సిస్టరమ్మ చదివిన పుస్తకం

కరోనా భయం తగ్గి, జనం మూతికి గుడ్డ లేకుండా మళ్ళీ అంగళ్ళకు రావడం మొదలైన ఏడాది అది. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధికి రెండు సందుల అవతల నాకు కళ్ళద్దాల అంగడి ఉంది. నేను ఆప్టోమెట్రిస్టుని. కంటి డాక్టరుని కాను. కంటికి ఎంత పవర్ కావాలో పరీక్ష చేసి అద్దాలివ్వడం నా పని. లోపల జబ్బు ఉందేమోనని అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపడం అంతకంటే పెద్ద పని. ఈ మాట మాకు చదువులో మొదటి వారమే చెబుతారు. ఇరవై ఏళ్ళకు పైగా అద్దాలమ్మిన తర్వాత నేను దాన్ని ఒకసారి మరిచిపోయాను. మతిమరుపు వల్ల కాదు, నా పనితనం మీద నాకున్న గర్వం వల్ల. అందుకే ఆ కేసు గురించి రాయాలనిపించింది.

ముందు ఆ గర్వం సంగతి చెప్పాలి. మా నాన్న మైలవరం దగ్గర ఒక పల్లెలో అర్చకుడు. అర్చకుడి కొడుకు అద్దాల అంగడి పెట్టుకున్నాడని ఊళ్ళో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. ప్రొద్దుటూరులో ఇప్పటికీ నన్ను అద్దాల సామి అనే పిలుస్తారు. చదువు ముగించి వచ్చి నేను మొట్టమొదట పరీక్ష చేసింది నాన్న కళ్ళనే. చార్టు మీది అక్షరాలు చూపించబోతే ఆయన విసుక్కుని, ఈ ముక్కలు నాకెందుకురా, నేను చదవాల్సింది ఇదీ అని తన స్తోత్రాల పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. ట్రయల్ ఫ్రేము అని మాకొక బరువైన చట్రం ఉంటుంది, అద్దాలు ఒక్కొక్కటే మార్చి చూడడానికి. అందులో రెండో అద్దం వేయగానే నాన్న గడగడా చదివేశాడు. నాకు ఛాతీ ఉబ్బిపోయింది.

ఆ రోజు నుంచి అదే నా పద్ధతి అయింది. కంసాలి వస్తే చార్టు పక్కన పెట్టి, గొలుసులో తెగిన కొండీ పట్టుకారుతో పట్టమంటాను. నేతాయన వస్తే రెండు పోగులు చేతికిచ్చి ముడి వేయమంటాను. కుట్టుపని చేసే ఆమెకు సూదీ దారం ఇస్తాను. ఎవరి పనితో వాళ్ళకు పరీక్ష. మిగతా అంగళ్ళవాళ్ళు చార్టుతో సరిపెడతారు, నేను మనిషి బతుకు చూసి అద్దం ఇస్తానని పదిమందికీ చెప్పుకునేవాణ్ణి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు పాఠం కూడా చెప్పేవాణ్ణి.

ప్రతి గురువారం జమ్మలమడుగు వెళ్తాను. అక్కడ ఒక మందుల షాపు వెనక గది నాకు ఇస్తారు. సిస్టర్ ఫిలోమినా నా దగ్గరికి వచ్చింది అక్కడికే, ఎండలు ముదరక ముందు ఒక గురువారం పొద్దున. డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. బూడిద రంగు చీర, మెడలో చిన్న సిలువ, భుజాన గుడ్డసంచి. వెంట ముప్పై ఏళ్ళ సిస్టర్ జ్యోతి. వాళ్ళ కాన్వెంటు ప్రొద్దుటూరులో ఉంది. ఎత్తైన గోడ, గోడ మీద గాజు పెంకులు, లోపల బడి, హాస్టలు. ఆ గోడ లోపలి సిస్టర్లు చాలామంది నా దగ్గరే అద్దాలు చేయించుకుంటారు. వీళ్ళిద్దరు మాత్రం లోపల ఉండరు. జమ్మలమడుగులో నేతగాళ్ళ వీధిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటారు.

మొదట్లో ఆ వీధి జనం వీళ్ళు కాన్వెంటులో పోట్లాడి బయటికి వచ్చేశారని అనుకున్నారట. ఎవరో ఒకావిడ జాలిపడి కూర గిన్నె కూడా పంపించిందట. అసలు సంగతి వేరు. నలభై ఏళ్ళు గోడ లోపల నర్సుగా పనిచేసిన ఫిలోమినా, రిటైరయ్యే వయసులో బయట జనం మధ్య ఉంటానని అడిగింది. మూడేళ్ళు అడగ్గా ఒప్పుకున్నారు. మంచాన పడ్డ ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం, మాత్రలు వేయడం, పుండ్లకు కట్టు కట్టడం, కాసేపు కూర్చుని వాళ్ళ గోడు వినడం ఆమె పని. ప్రార్థన చేయమని ఎవరినీ అడగదు. ఎవరైనా అడిగితే చేస్తుంది. జ్యోతి ఈ వివరాలన్నీ చెబుతుంటే ముసలామె గోడకున్న చార్టు వైపు కాకుండా నా గొంతు వచ్చే వైపు చూస్తూ కూర్చుంది. అది నాకు మర్యాదగా కనిపించింది.

పరీక్ష చేశాను. దూరం చార్టులో కుడి కంటితో అన్నిటికంటే పెద్ద అక్షరం ఒక్కటే, అదీ తడుముకుని చెప్పింది. ఎడమ కంటితో మూడు వరుసలు. పిన్‌హోల్ పెట్టాను. అది నడుమ చిన్న చిల్లి ఉన్న నల్ల బిళ్ళ. దానిగుండా చూస్తే చూపు మెరుగైతే తేడా పవర్‌లో ఉన్నట్టు, మెరుగు కాకపోతే లోపల ఏదో ఉన్నట్టు. ఆమెకు మెరుగు కాలేదు. టార్చి వేసి చూస్తే రెండు కళ్ళలో శుక్లం కనిపించింది. సరే, లోపల ఉన్నది ఇదే అనుకున్నాను.

తర్వాత దగ్గరి చూపు. కార్డు ఇవ్వబోతే ఆమె వద్దంది.

"నేను చదివేది ఇదొక్కటే నాయనా," అని సంచిలోంచి నల్ల అట్ట ప్రార్థన పుస్తకం తీసింది. అంచులు నలిగిపోయి, పేజీల మధ్య ఎర్ర రిబ్బను వేలాడుతోంది.

నా పద్ధతి నాకంటే ముందు ఆమే చెప్పినట్టయింది. సంతోషంగా తల ఊపి ట్రయల్ ఫ్రేములో అద్దం వేశాను. రిబ్బను ఉన్న చోట తెరిచి చదివింది. ఒక్క తడబాటు లేదు. పేజీన్నర చదివాక నేనే చాలన్నాను. చదివేటప్పుడు తల కొంచెం పక్కకు తిప్పి, కంటికొసతో పుస్తకాన్ని చూసింది. అలవాటేమో అనుకున్నాను. దూరం అంత మందంగా ఉండి దగ్గర ఇంత చిన్న అక్షరాలు ఎలా చదువుతోందని ఒక్క క్షణం అనిపించకపోలేదు. దానికీ నా దగ్గర జవాబుంది. కొన్ని రకాల శుక్లం ముదిరేటప్పుడు కంటి పవర్ మారి, అంతవరకు అద్దాలు లేనిదే చదవలేనివాళ్ళు కూడా కొన్నాళ్ళు బాగా చదువుతారు. మా వాళ్ళు దీన్ని సెకండ్ సైట్ అంటారు. అది నాకు తెలిసి ఉండడమే నా ఖర్మ. తెలియనివాడైతే డాక్టరు దగ్గరికి పంపి ఉండేవాడు.

చీటీ రాశాను. రెండు కళ్ళలో శుక్లం, తొందర లేదు, ఎండాకాలం తర్వాత ఆపరేషన్‌కు చూపించుకోవచ్చు. రాస్తుంటే ఆమె అడిగింది.

"చదివేదానికి అక్షరాలు బాగా కనపడతాండాయని గూడా రాస్తావా?"

అది రాయమని నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. ఎందుకని అడగాల్సింది. గది బయట తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. దగ్గరి చూపు బాగుంది అని రాసి సంతకం పెట్టాను. ఆమె చీటీని నాలుగు మడతలు వేసి ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది. మరుసటి గురువారం అద్దాలు ఇచ్చాను. పెట్టుకుని, శానా బాగుండాయి అంది.

రెండు నెలలు గడిచాయి. మే నెలలో ఒక గురువారం జ్యోతి తన అద్దాల కాడ విరిగిందని వచ్చింది. అతికిస్తూ, పెద్ద సిస్టరమ్మ అద్దాలు ఎలా ఉన్నాయని అడిగాను.

"పెట్టుకుంటే గదా సామీ. పొద్దున సాయంత్రం ప్రార్థనప్పుడు పెట్టుకుంటాది. అయిపోతానే తీసి డబ్బాలో పెట్టేస్తాది."

కొత్త అద్దాలు తీసుకున్న మనిషి ఏదో ఒకటి అంటుంది. తల తిరుగుతోందనో, ముక్కు నొక్కుతోందనో, మెట్లు పైకి లేచినట్టున్నాయనో. ఏమీ అనకుండా, రోజుకు రెండుసార్లు పూజ సామానులా బయటికి తీసి లోపల పెట్టేవాళ్ళను నేను చూడలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆ సాయంత్రం ప్రొద్దుటూరు బస్సు ఎక్కకుండా వాళ్ళ వీధికి నడిచాను.

ఇంకా వెలుతురు బాగానే ఉంది. వీధి పొడవునా గుంట మగ్గాల చప్పుడు. వాళ్ళ ప్రార్థన వేళ అయిందట. కూర్చోమన్నారు. ముందుగదిలో ఒక చిన్న బల్ల, దాని మీద సిలువ, రెండు చాపలు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అది ఫిలోమినా సిస్టర్‌కు పక్కగా పడింది. వాళ్ళ కీర్తనలు చెప్పుకునే తీరు నాకు తెలియదు. ఒక చరణం ఈమె, తర్వాతి చరణం ఆమె, ఎవరి పుస్తకం వాళ్ళ చేతిలో. ఇద్దరి మధ్య చిన్న విరామం. వినడానికి హాయిగా ఉంది. మా గుడిలో ఇద్దరు పండితులు కూర్చుని చెప్పినట్టే ఉంది.

ఉన్నట్టుండి సిస్టరమ్మ పేజీ తిప్పింది. రెండు ఆకులు అతుక్కుని కలిసి తిరిగిపోయాయి. పక్కన కూర్చున్న నాకు కనిపించింది. ఇప్పుడు ఆగి వెనక్కి తిప్పుతుందనుకున్నాను. ఆమె ఆగలేదు. తర్వాతి చరణం, దాని తర్వాతి చరణం, ఎక్కడా తెగకుండా చెప్పుకుంటూ పోయింది. ఎదురుగా జ్యోతి తన పుస్తకంలో చూసుకుంటూ బదులు చెబుతోంది. సిస్టరమ్మ ముందున్నది వేరే కీర్తన. ఆమె నోట వస్తున్నది వేరే కీర్తన. ముక్కు మీద నా అద్దాలు మెరుస్తున్నాయి.

నేను అర్చకుడి కొడుకును. పుస్తకం ముందు పెట్టుకుని, దానివైపు చూడకుండా గంటసేపు చెప్పగలిగే మనుషుల మధ్య పుట్టిపెరిగాను. యాభై ఏళ్ళుగా రోజూ రెండు పూటలా చెప్పుకునే పుస్తకాన్ని ఆమె చేతికిచ్చి, చదవగలరా అని పరీక్ష పెట్టిన తెలివైనవాణ్ణి నేను.

ప్రార్థన ముగిసి జ్యోతి టీ పెట్టడానికి వంటగదిలోకి పోయాక కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"సిస్టరమ్మా, ఇందాక రెండు ఆకులు కలిసి తిరిగినాయి."

ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"జ్యోతి చూసిందా?"

"లేదు."

"మూడేండ్లాయ నాయనా కుడి కన్ను పోయి. ఎడమదాంతో నెట్టుకొస్తి. నీ కాడికి వచ్చినప్పటికే అది గూడా మసకేస్తాండె. ఇప్పుడు ఎదురుగా మనిషి నిలబడితే చుట్టూ కనపడతాడు, మొగం కనపడదు."

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. కంటి లోపల వెనక పొర రెటీనా. దాని నట్టనడుమ ఆవగింజంత చోటు ఉంటుంది. అక్షరాలు, ముఖాలు, సూదిబెజ్జం అన్నీ చూసేది అదే. దాన్ని మాక్యులా అంటారు. వయసు మీద పడ్డప్పుడు కొందరికి అది చెడుతుంది. చుట్టూ చూపు మిగులుతుంది, నడుమ పోతుంది. మనిషి వీధిలో మామూలుగా నడుస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఒక రకంలో అక్కడ కొత్త రక్తనాళాలు పుట్టి నీరు కారుతుంది. తొందరగా కనిపెట్టి కంట్లోకి ఇంజెక్షన్లు వేస్తే ఉన్నది నిలుస్తుంది. ఆలస్యమైతే మచ్చ కట్టేస్తుంది, ఇక చేయగలిగింది ఉండదు.

దీన్ని పట్టుకోవడానికి ఆమ్‌స్లర్ గ్రిడ్ అని గళ్ళ కాగితం ఒకటి ఉంది. నడుమ చుక్క చూస్తూ గీతలు ఎలా కనిపిస్తున్నాయో చెప్పాలి. అంగట్లో నా సొరుగులో ఒకటి, మందుల షాపు వెనక గదిలో ఒకటి ఉంటాయి. ఆ రోజు తీసి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. ఇప్పుడు గూట్లో ఉన్న జ్యోతి స్కేలు తీసుకుని, పాత క్యాలెండరు వెనక మార్కరుతో గళ్ళు గీశాను. ఎడమ కంటితో చూడమన్నాను.

"గళ్ళ లుంగీని నడుమ పిడికిట్లో నలిపి వదిలినట్టుండాది," అంది.

అంటే ఎడమ కంట్లో జబ్బు కొత్తది. ఇంకా కదులుతోంది. ఇంకా ఆశ ఉంది. అయితే రెండు నెలలు నా చీటీ తినేసింది. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాను. ఆ రోజే మిమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపాల్సింది, తొందర లేదని రాసింది నేను, తప్పు నాది అన్నాను. వయసులో పెద్దామె ముందు తల వంచుకుని కూర్చున్నాను.

"నీదేంది, నేను మోసం చేస్తి గదా," అంది. "నీ చీటీ చూసి సంతోషపడితి. అది అబద్ధమని నాకు తెలుసు. పుస్తకం ఎందుకు తెచ్చుకుంటి అనుకున్నావు?"

ఎందుకు దాచిందో అప్పుడు చెప్పింది. పులివెందుల దగ్గర వాళ్ళకు వయసు మళ్ళిన సిస్టర్ల ఇల్లు ఉంది. చూపు పోయిందని తెలిస్తే అక్కడికి పంపిస్తారు. అక్కడ ఏం కష్టమని అడిగాను.

"కష్టమేం లేదు. ఆడ బాగా చూసుకుంటారు నాయనా, అదే నా భయం. కిటికీ కాడ కుర్చీ వేస్తారు. అన్నం చేతికిస్తారు. గేటు బయట ఎవురికి జ్వరమొచ్చిందో నాకు తెలీదు. మూడేండ్లు అడుక్కుని ఈ వీధికొస్తి. నువ్వు ఆ చీటీ అట్లే ఉండనిస్తే ఇంకో సంవత్సరం ఎవురూ అడగరు."

మాత్రల సంగతి అడగక తప్పలేదు. కనిపించకుండా ఇన్ని ఇళ్ళలో మాత్రలు ఎలా ఇస్తున్నారన్నాను. గూట్లోంచి ఒక రేకు డబ్బా తెచ్చింది. ఒక్కో మాత్రల అట్టకు మగ్గాల దగ్గర పారేసే పట్టుపోగు కట్టి ఉంది. పొద్దుటిదానికి ఒక ముడి, రాత్రిదానికి రెండు. పక్కింటి మాబుబ్బీ మాత్రలకు ముడులతోపాటు పోగు చివర ఒక పూస. కొత్త అట్ట వచ్చినప్పుడు తాను కూరలు తరుగుతూ, చేతులు ఖాళీ లేవు కొంచెం చదివి చెప్పమని జ్యోతితో చదివించుకునేదట. ఒక్కరికీ పొరపాటు జరగలేదు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. అంత పని గుట్టుగా చేసుకుపోతున్న మనిషి మీద గౌరవమే కలిగింది.

ఇక నేను చెప్పాల్సింది చెప్పాను. మీ గుట్టు నేను ఎవరికీ చెప్పను. కానీ ఇంజెక్షన్ వేయించుకోవాలంటే తిరుపతి పోవాలి, దానికి మీ కాన్వెంటు పెద్ద, మదర్ అనుమతి కావాలి, అనుమతి అడిగితే తెలుస్తుంది. దాచితే ఈ కన్ను కూడా పోతుంది. అప్పుడు ఈ వీధీ ఉండదు, ముడులు వేసుకోవడమూ ఉండదు. వారం గడువు కూడా నేను ఇవ్వలేను, ఇప్పటికే రెండు నెలలు పోగొట్టాను అన్నాను.

ఆమె పుస్తకం తెరిచి, తడిమి, నేను రాసిన చీటీ తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత వంటగది వైపు తిరిగింది.

"జ్యోతీ, టీ దించి ఇట్ల రామ్మా."

జ్యోతి విని చాలాసేపు ఏడ్చింది. చూపు పోయినందుకు కొంత, తనకు చెప్పనందుకు ఎక్కువ. "రెండేండ్లు ఎదురుగా కూచుని చదివితిని సిస్టర్, నాకు గూడా చెప్పకపోతివి," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. ఆ పూటే మదర్‌కు ఫోన్ చేశారు. రెండు రోజుల్లో తిరుపతిలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కుడి కంట్లో మచ్చ కట్టి ఎన్నాళ్ళో అయిందని, ఎడమ కన్ను ప్రయత్నించవచ్చని డాక్టర్లు చెప్పారు. నెలకొకటి చొప్పున ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

మూడో ఇంజెక్షన్ అయ్యాక మదర్ ప్రొద్దుటూరు అంగడికి వచ్చింది. కేరళ మనిషి. మన జిల్లాకు వచ్చి ముప్పై ఏళ్ళయినా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే తెలుగు మాట్లాడుతుంది. మర్యాదస్తురాలు, తొందరపడే రకం కాదు. ఎడమ కన్ను నిలబడిందని, ఇంకా చెడలేదని, అయితే పుస్తకం చదవడం ఇక జరగదని రిపోర్టులు చూపించింది.

"ఫిలోమినా సిస్టర్ బయట ఉండగలరా? మీరు రాసి ఇవ్వండి. దాన్నిబట్టి మేము నిర్ణయిస్తాము."

నాకు భయం వేసింది. ఒకసారి ఆ మనిషి గురించి నా చేతిరాత ఎంత పని చేసిందో చూశాను. దూరం ఇంత, దగ్గర ఇంత అని రాయడానికి నా చీటీలో చోటుంది. ఆమె అడిగినదానికి లేదు. చదవలేరు అన్నది నిజం, నడవగలరు అన్నది కూడా నిజం, మిగతాది గురువారం వచ్చి మీ కళ్ళతో చూడండి అన్నాను. అలా అనడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమేనని ఆ రాత్రి ఇంటికి పోయే దారిలో అనిపించింది.

గురువారం మధ్యాహ్నం మదర్ జమ్మలమడుగు వచ్చింది. సిస్టరమ్మ రోజూ తిరిగే ఇళ్ళకు తనను తీసుకెళ్ళమని అడిగింది. ఇద్దరూ ముందు, నేనూ జ్యోతీ వెనక. సిస్టరమ్మ అద్దాలు పెట్టుకోలేదు. కాలవ మీది ఒక బండ దగ్గర ఆగి, "ఇది కదులుతాది, ఈ పక్క కాలు పెట్టండి మదర్," అని చెయ్యి అందించింది. మాబుబ్బీ ఇంట్లో మాత్రల డబ్బా తీసి, ముడులు తడిమి, జ్యోతి చేత గట్టిగా చదివించుకుని వేసింది. ఇప్పుడు ఆ చదివించుకోవడంలో దొంగతనం లేదు. మంచం మీది ముసలామె, సిస్టరమ్మ చేతిని తన బుగ్గకు ఆనించుకుని వదల్లేదు.

మళ్ళీ వీధిలోకి వచ్చాం. రెండువైపులా మగ్గాలు ఆడుతున్నాయి. ఒక గడప ముందు సిస్టరమ్మ నిలబడిపోయింది.

"ఓబులేసు మగ్గం ఆడ్డంల్యా. నిన్న గూడా ఆడలేదు."

మాకెవరికీ అది తెలియలేదు. అన్ని చప్పుళ్ళలో ఒక చప్పుడు లేకపోవడం మేమెలా వింటాం? తలుపు తోసి లోపలికి వెళ్ళింది. ఓబులేసు మగ్గం గుంట పక్కనే గోనెపట్టా మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. మూడు రోజులుగా జ్వరం. భార్య పుట్టింట్లో కాన్పు పనికి పోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. సిస్టరమ్మ నుదురు పట్టి చూసి, కనురెప్పల కింద వేలు పెట్టబోయి ఆగి, "జ్యోతీ, నువ్వు చూడు, ఎర్రగా ఉండాయా, పసుపుగా ఉండాయా," అంది. పసుపుగా ఉన్నాయి. జ్యోతి ఆటో పిలిచి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వారం రోజులకు లేచి తిరిగాడు.

మదర్ అక్కడే, ఆడని మగ్గం అంచు మీద కాసేపు కూర్చుంది. లేచి నాతో నెమ్మదిగా చెప్పింది.

"ఈ వీధి అంతా ఆవిడకు కంఠస్థం. పులివెందులకు తీసుకెళ్తే అక్కడ ఆవిడకు కళ్ళు లేనట్టే. ఇక్కడ ఉన్నంతవరకు ఉన్నట్టే."

సిస్టరమ్మకు ఆ మాట వినిపించింది. కొంగుతో మొహం తుడుచుకుని తర్వాతి ఇంటికి దారి తీసింది. ఆమె ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. మాత్రలు జ్యోతి చదివితేనే వేయాలన్నది మదర్ పెట్టిన ఒకే ఒక్క షరతు. సాయంత్రం ప్రార్థనలో ఇప్పుడు పుస్తకం జ్యోతి చేతిలోనే ఉంటుంది. సిస్టరమ్మ చేతులు ఖాళీగా, హాయిగా ఒళ్ళో ఉంటాయి.

నేను పరీక్ష పద్ధతి మార్చుకున్నాను. కంసాలికి కొండీ, నేతాయనకు పోగు ఇప్పటికీ ఇస్తాను, అవి కంఠతా వచ్చేవి కావు. పుస్తకం తెచ్చుకున్నవాళ్ళను మాత్రం అది పక్కన పెట్టమంటాను. ప్రతి సోమవారం పొద్దున నా చేత్తో నాలుగు కొత్త వాక్యాలు రాసి కార్డుకు అంటిస్తాను. టమోటా ధర, బస్సు వేళ, పక్కింటి పిల్లి ఏం చేసిందో, ఏదైనా సరే, ఎవరూ ఎక్కడా విని ఉండనిది. దూరానికీ దగ్గరకూ పొంతన కుదరకపోతే నాకు తెలిసిన జవాబు చెప్పుకోకుండా గళ్ళ కాగితం తీస్తాను. ఆ పాత చీటీ నా సొరుగులో గళ్ళ కాగితం కిందే ఉంది.

పోయిన ఏడాది ఒక గురువారం సిస్టరమ్మ కంటి పరీక్షకు వచ్చింది. కార్డు చేతికిస్తే, "ఇది నాకు నోటికి రాదు నాయనా," అని నవ్వింది. పెద్ద అక్షరాల వరుస ఒకటి, భూతద్దం పెట్టుకుని, కూడబలుక్కుని చదివింది. ఆ ఒక్క వరుసకే ఇద్దరం సంతోషపడ్డాం. కాసేపు అవీ ఇవీ మాట్లాడుతూ, నా పద్ధతి ఎక్కడ మొదలైందో, మా నాన్న స్తోత్రాల పుస్తకం ఎలా గడగడా చదివాడో చెప్పాను. చివరి అద్దాలు కూడా అదే పుస్తకంతో పరీక్ష చేసి ఇచ్చానని, ఆ మరుసటి ఏడాదే ఆయన పోయాడని చెప్పాను.

ఆమె నా గొంతు వచ్చే వైపు తిరిగి అడిగింది.

"మీ నాయనకు ఆఖర్లో కండ్లు కనపడేటివా?"

కనపడేవని చెప్పబోయి ఆగిపోయాను. ఆఖరి రోజుల్లో ఆయన నా గొంతు వినపడేదాకా నన్ను పలకరించేవాడు కాదు. వయసు మీద పడి పరధ్యానం పెరిగిందనుకునేవాణ్ణి. పుస్తకం మాత్రం ఒక్క తడబాటు లేకుండా చదివేవాడు. నేను ఇచ్చిన అద్దాలు పోయే రోజు దాకా పెట్టుకునే ఉన్నాడు. వాటిలోంచి ఏం కనపడుతోందని నేను ఒక్కసారి కూడా అడగలేదు.